‘కిరీటం కట్టుకున్నవాడు’: నమారా రాతి మీద ఒక ‘వావ్’ తగువు (ఒక చర్చావేదిక నుంచి; వ్యాఖ్యల పైనున్నవి సభ్యుల మారుపేర్లు)

శకటరేఫం
వాక్యం సగమే గుర్తుంది. ‘అరబ్బులందరి రాజు, కిరీటం కట్టుకున్నవాడు ... ఏ రాజూ అతని మేర అందుకోలేదు.’ రోమన్ సరిహద్దు ఎడారిలో ఒక సమాధి మీది రాత అన్నంతవరకు తెలుసు. నా సందేహమంతా ‘కట్టుకున్న’ దగ్గరే. పెట్టుకున్న అనకుండా కట్టుకున్న అని అనువాదకుడు కావాలని వేశాడా, మూలంలోనే కట్టడం ఉందా? మధ్యలో నాకు జారిపోయిన ముక్క ఎవరి నోటికైనా వస్తే ఇవ్వండి.

అరసున్న
అది నమారా శాసనం. ఇమ్రుల్ ఖైస్ బిన్ అమ్ర్ సమాధి వాకిలి మీది అడ్డరాయి. 1901లో ఫ్రెంచి పండితులు ద్యుసో, మక్లేర్ దక్షిణ సిరియాలో చూశారు. దమస్కుకు ఆగ్నేయంగా 100 కి.మీ.కు పైనే ఉంటుంది, పక్కనే రోమన్ కోట. రాయి ఇప్పుడు లూవ్ర్‌లో ఉంది. నల్ల బసాల్టు, వెడల్పు 1.73 మీటర్లు, అయిదు పంక్తులు. లిపి నబతీయం (పెట్రా ఏలిన నబతీయులది, దాదాపు హల్లులే రాస్తుంది), భాష అరబ్బీ.

మొదటి పంక్తి: ‘తీ నఫ్స్ మర్ అల్ ఖైస్ బర్ అమ్ర్ మలిక్ అల్ అరబ్ కుల్లహు ధూ అసర అల్ తాజ్.’ అసర అంటే కట్టు, బిగించు. కాబట్టి కట్టడం మూలంలోనే ఉంది. అందులో ‘బర్’ మాత్రం అరమాయిక్. రాసేది బర్, చదివేది బిన్.

జారిపోయిన ముక్కలో యుద్ధాలున్నాయి: అసద్ తెగ, మధ్‌హిజ్ తెగ, ‘షమ్మర్ నగరమైన నజ్రాన్’ దాకా తరమడం, మఅద్ మీద పెత్తనం, కొడుకులకు తెగలను పంచడం. ఆ తర్వాత నాలుగో పంక్తిలో అసలు చిక్కు వస్తుంది.

దస్తావేజు
అసర అనగానే నాకు అసీర్ తట్టింది. ఉర్దూలో ఖైదీ. కట్టు, బంధించు, చెరపట్టు అన్నీ ఒకే ధాతువు. ‘కిరీటాన్ని చెరపట్టినవాడు’ అనుకుంటే? ఇంకో రాజు కిరీటం లాక్కున్నాడన్నమాట. యుద్ధాల జాబితాకు సరిగ్గా అతుకుతుంది.

పర్యాయపదం
అతకదు. లాక్కున్న కిరీటమైతే ఎవరిదో చెప్పకుండా ఊరుకుంటాడా? అయిదు పంక్తుల్లో ఓడినవాళ్లందరినీ పేరుపేరునా చెక్కించిన మనిషి.

తెలుగువాళ్లకు ఇందులో సందేహం రావడమే వింత. పట్టం కడతాం గానీ పట్టం పెట్టం కదా. పట్టం అంటే మొదట నుదుటికి కట్టే పట్టీ. వరాహమిహిరుడు బృహత్సంహితలో పట్టలక్షణమని ఒక అధ్యాయమే రాశాడు. బంగారు పట్టం మధ్యలో రాజుకు 8 అంగుళాల వెడల్పు (ఇవి వేలి అంగుళాలు, టేపువి కావు), పట్టపురాణికి 7, యువరాజుకు 6, సేనాపతికి 4, రాజు మెచ్చి ఇచ్చే ప్రసాదపట్టానికి 2. శిఖలు రాజుకు అయిదు, రాణికీ యువరాజుకూ మూడేసి, సేనాపతికి ఒకటి. ప్రసాదపట్టానికి శిఖ ఉండదు.

గ్రీకుల డయడెమ్ కూడా బట్ట పట్టీయే, ఆ మాటలోనే చుట్టి కట్టడం ఉంది. పర్షియా ఏలిన ససానీ రాజుల నాణేలు చూడండి, తల వెనక ముడి, ఎగిరే కొసలు. తాజ్ అనే మాట ఇరాన్ వైపు నుంచి వచ్చిందే. కిరీటం బోర్లించే టోపీ అనుకుంటేనే ‘కట్టుకున్న’ ఎబ్బెట్టు. అనువాదకుడు ‘పట్టం కట్టుకున్నవాడు’ అని వేసి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు.

క్రావడి
పట్టం కొలతలు బాగున్నాయి గానీ, ఆ రాతి మీద కిరీటమే లేదంటే?

అరబ్బీ పండితుడు బెల్లమీ 1985లో ఈ పంక్తిని మొత్తం మార్చి చదివాడు. ‘కుల్లహు ధూ అసర అల్ తాజ్’ చోట ‘వ లకబుహు ధూ అసద్ వ మధ్‌హిజ్’. అంటే ‘అతని బిరుదు అసద్, మధ్‌హిజ్ తెగల ఏలిక’. ఒక్క దెబ్బకు కిరీటమూ పోయింది, ‘అందరి’ కూడా పోయింది.

శకటరేఫం
రెండు పాఠాలకూ ఇంత దూరమా? అవే గీతలు కదా?

అరసున్న
అవే గీతలు. నబతీయ లిపిలో ‘ద’, ‘ర’ దాదాపు ఒకే రూపు. సిరియాక్ వాళ్లు తర్వాత చుక్కలు పెట్టి గట్టెక్కారు: ‘ర’కు పైన, ‘ద’కు కింద. నమారాలో చుక్కలు లేవు. అందుకే అసర్, అసద్ రెండూ కంటికి ఒకటే. పదం మధ్యలో వచ్చే బ, న, య కూడా దగ్గరదగ్గరగానే ఉంటాయి. పైగా 22 అక్షరాలతో 28 ధ్వనులు రాయాలి. ద, ధ రెంటికీ ఒకటే. తాజ్‌లోని ‘జ’కు ‘గ’ అక్షరం. ‘గ’కారపు ఘర్షణ ధ్వనికి ‘అయిన్’ అనే అక్షరం.

రాయి కూడా సాయం చేయదు. బసాల్టు గుల్లరాయి. ఫోటోలో సహజమైన గుంటా ఉలి గీతా ఒక్కలా పడతాయి. వెలుగు ఏ పక్క నుంచి పడితే ఆ పక్క గీత మాయమవుతుంది. చేత్తో గీసిన నకలు చూసి వాదించేవాళ్లతో నేను వాదించను. నకలు గీసినవాడు తనకు తోచిన పాఠాన్నే గీస్తాడు.

నా ఓటు ‘అసర అల్ తాజ్’కే. రెండో పంక్తిలో అసద్ తెగ పేరు ఎలాగూ వస్తోంది. మొదటి పంక్తిలోకి దాన్ని లాగడానికి బెల్లమీ చాలా అక్షరాలు కదిలించాల్సి వచ్చింది.

పర్యాయపదం
‘కుల్లహు’ సంగతి ఎవరూ ఎత్తలేదు. అరబ్బులు అనే జనమైతే ‘కుల్లుహుమ్’ ఉండాలి. ఇక్కడిది ఏకవచనం. అంటే ‘అరబ్’ ఒక ప్రాంతం కావచ్చు. ఇరాక్ ఎడారిలోని హత్రా రాజుల బిరుదు చూడండి, ‘మల్కా ది అరబ్’. సనత్రూక్ అలాగే చెప్పుకున్నాడు. అదీ రోముకూ పార్థియాకూ నడుమ నలిగిన చిన్న రాజ్యమే. అక్కడ ‘అరబ్’ అంటే హత్రా చుట్టూ ఉన్న నేల అనే వాదం ఉంది. తెలుగులో తేడా సుఖంగా చూపొచ్చు. జనమైతే ‘అరబ్బులందరి రాజు’, నేలైతే ‘అరబంతటి రాజు’.

క్రావడి
‘అరబంతటి’ అని ఎవరూ అనరు.

పర్యాయపదం
అనకపోతే అనడం మొదలుపెట్టొచ్చు.

అరసున్న
సమూహవాచకానికి ఏకవచన ప్రత్యయం అరబ్బీలో తప్పేమీ కాదు. దాన్ని పట్టుకుని దేశం గీయలేం. నాలుగో పంక్తికి రండి. శకటరేఫం గారికి జారిపోయిన ముక్కలో ముఖ్యమైనది అదే: ‘వ వక్కలహున్ ఫ్ర్‌స్వ్ ల్ర్‌వ్మ్’.

‘వక్కల’ అంటే బాధ్యత అప్పగించు. తర్వాతి రెండు మాటల్లో ల్ర్‌వ్మ్ అంటే ‘లి రూమ్’, రోముకు. ఇందులో పేచీ లేదు. పేచీ అంతా ‘ఫ్ర్‌స్వ్’ చివరి వావ్ (‘వ’ అక్షరం) మీద.

ఒక చదువు: ఫుర్స్ వ లి రూమ్. ‘పర్షియాకూ రోముకూ’ వాళ్లను నియమించాడు. వావ్ అంటే ‘మరియు’. లోపం: రోముకు ‘లి’ ఉంది, పర్షియాకు లేదు.

రెండో చదువు: ఫ్ర్‌స్ అంటే గుర్రపుదళం. ‘రోముకు రౌతులుగా’. లోపం: రౌతుల బహువచనం ఫుర్సాన్, ఫవారిస్. వావ్‌తో ముగిసేది లేదు.

మూడోది బెల్లమీది: ఫ + రఅసూ. ‘వాళ్లు రోమన్లకు పెద్దలయ్యారు’. ఫ అంటే ‘అప్పుడు’, వావ్ క్రియకు బహువచన ప్రత్యయం. ఫైలార్కులని రోమన్ దస్త్రాల్లో వచ్చే తెగ పెద్దలు వీళ్లేనని ఆయన ఉద్దేశం. లోపం: రఅస ధాతువులో అలిఫ్ (‘అ’ అక్షరం) ఉండాలి, రాతి మీద లేదు. ‘మర్ అల్ ఖైస్’లో అలిఫ్ చెక్కినవాడు ఇక్కడ ఎందుకు మింగాడు?

దస్తావేజు
మర్ అల్ ఖైస్‌లో అలిఫ్ ‘అల్’ది కూడా కావచ్చు కదా. ‘మర్’ది అని ఎలా తేల్చారు? అదే ‘అల్’దైతే మీ అభ్యంతరం నిలబడదు. రఈస్, రియాసత్ ఇదే ధాతువు. నా ఓటు బెల్లమీకి.

పర్యాయపదం
రెండో చదువును అంత తేలిగ్గా కొట్టేయకండి. అరబ్బీలో ఫరస్ గుర్రం, ఫారిస్ రౌతు, ఫారిస్ అంటే పర్షియా కూడా. పదం నడుమ దీర్ఘం నబతీయంలో రాయరు కనుక గుర్రం, రౌతు, పర్షియన్లు, పర్షియా నాలుగూ మూడే హల్లులు.

మనకూ ఈ కలబోత కొత్త కాదు. అమరంలో ‘వనాయుజాః పారసీకాః కాంబోజాః బాహ్లికా హయాః’. పారసీకమంటే దేశమూ, ఆ దేశపు గుర్రమూ. వనాయుజం అరబ్బీ గుర్రమని నిఘంటువులు. రఘువంశం అయిదో సర్గలో వైతాళికులు అజుణ్ణి లేపుతూ చూపించే గుర్రాలు ‘వనాయుదేశ్యాః’. శ్రీనాథుడి హరవిలాసంలో అవచి తిప్పయసెట్టి తెప్పించిన గుర్రాలు హురుముంజివి, అంటే హోర్ముజ్ రేవు నుంచి దిగినవి. గుర్రానికి దేశం పేరు, దేశానికి గుర్రం పేరు, ఇది సముద్రానికి రెండు వైపులా ఉన్న అలవాటు. నమారా చెక్కినవాడు రెండర్థాలూ ఉద్దేశించే ఫ్ర్‌స్ వేశాడని నా నమ్మకం.

క్రావడి
సమాధి మీద శ్లేష?

పర్యాయపదం
అల్లసాని వారి కాలం దాకా ఆగాలా ఏం?

అరసున్న
శ్లేష వేసినా వావ్ తీరదు. ఇదే రాతి మీద వావ్‌తో ముగిసే మాటలు ఏరండి: అమ్ర్‌వ్, నిజ్ర్‌వ్, మఅద్‌వ్, మధ్‌హిజ్‌వ్. అన్నీ సంజ్ఞానామాలే. నబతీయులు పేరు చివర వావ్ తగిలిస్తారు. అరబ్బీలో అమ్ర్ పేరును నేటికీ చివర వావ్‌తోనే రాస్తారు, ఉమర్ అని పొరబడకుండా. పలకరు, రాస్తారంతే. ఆ లెక్కన ఫ్ర్‌స్వ్ కూడా సంజ్ఞానామం. గుర్రం కాదు, రౌతు కాదు, పర్షియా.

దస్తావేజు
అప్పుడు వావ్ పేరుకే పోతుంది కదా. ‘మరియు’ ఏది? ‘పర్షియా రోముకు నియమించాడు’ అని చదవాలా? రూమ్ కూడా పేరే, దానికి వావ్ తగిలించలేదేం?

అరసున్న
‘అల్’ చేరిన పేర్లకు వావ్ రాదు. అల్ అరబ్‌కు లేదు, అల్ తాజ్‌కు లేదు. లి, అల్ కలిసి ల్ర్‌వ్మ్‌లో ‘అల్’ ఇమిడిపోయింది. రెండు వావ్‌లు పక్కపక్కన పడాల్సిన చోట చెక్కినవాడు ఒకటి వదిలేశాడనుకుంటే పర్షియా పాఠం నిలుస్తుంది.

క్రావడి
ఒక అక్షరం వదిలేశాడనుకోవడం మొదలుపెడితే నాలుగో చదువు, అయిదో చదువు కూడా నిలుస్తాయి. ‘వక్కలహున్’లో ముందు రెండు వావ్‌లు శుభ్రంగా చెక్కాడు. అక్కడ పొదుపు చేయనివాడు ఇక్కడ చేశాడా?

శకటరేఫం
ఈ వావ్ ఏదైతే ఏం? అర్థంలో అంత తేడా ఉందా?

అరసున్న
మొత్తం మనిషే మారిపోతాడు. చరిత్రకారుడు తబరీ లెక్కలో ఈ ఇమ్రుల్ ఖైస్ హీరా రాజు, లఖ్మీ వంశం, ససానీల తరఫున అరబ్బు సరిహద్దు చూసినవాడు. తండ్రి అమ్ర్ బిన్ అదీ. నర్సే చక్రవర్తి పైకులీ శాసనంలో లఖ్మీల రాజు అమ్ర్ పేరుంది. హీరా యూఫ్రటీస్ పక్కన. మరి కొడుకు సమాధి వందల మైళ్లు పడమరన రోమన్ కోట నీడలో ఎందుకు?

‘పర్షియాకూ రోముకూ’ అయితే ఇద్దరితోనూ నెగ్గుకొచ్చినవాడు. ‘రోమన్లకు పెద్దలయ్యారు’ అయితే పక్షం మారినవాడు. ‘రోముకు రౌతులు’ అయితే రోముకు సైన్యం అమర్చినవాడు. చరిత్రకారులు తాము ముందే అనుకున్న రాజుకు సరిపోయే వావ్ ఎంచుకుంటారు.

రాతి మీద లేనివి కూడా చూసుకోండి. లఖ్మ్ లేదు, హీరా లేదు. ఇతను క్రైస్తవుడయ్యాడని హిషామ్ కల్బీ మాటగా తబరీ చెప్తాడు, శాసనంలో దాని జాడ లేదు. ఇతను ఆ హీరా రాజే కాదనేవాళ్లు ఉన్నారు.

పర్యాయపదం
నజ్రాన్ దాకా వెళ్లాడన్నది మాత్రం నమ్మాలా? నమారా నుంచి నజ్రాన్‌కు నేరు గీత గీసినా 1,700 కి.మీ.కు తక్కువ కాదు. అక్కడ షమ్మర్ యుహర్‌ఇష్, యెమెన్ ఏలిన హిమ్యరీ రాజు. సముద్రగుప్తుడి అలహాబాదు ప్రశస్తిలో వేంగి హస్తివర్మ పేరు ఉన్నట్టే ఇదీ. ఇద్దరిదీ నాలుగో శతాబ్దమే, ఇద్దరికీ సాటి లేదట. ఓడించి వదిలేయడానికి దూరపు రాజు ఎప్పుడూ అనుకూలం.

వలపలగిలక
ఆలస్యంగా వచ్చాను. ఇమ్రుల్ ఖైస్ అని చూసి పరుగెత్తుకొస్తే గుర్రం వచ్చింది గానీ గుర్రం పద్యం రాలేదు. ‘మికర్రిన్ మిఫర్రిన్ ముక్బిలిన్ ముద్బిరిన్ మఅన్’! దూకేది, తప్పుకునేది, ఎదురొచ్చేది, వెనుదిరిగేది, అన్నీ ఒక్కసారే. ఇంతటి వృత్త్యనుప్రాస మనవాళ్లలో పోతన దగ్గరే చూడాలి.

క్రావడి
ఆ ఇమ్రుల్ ఖైస్ వేరు. కవి కిందా వంశం, ఆరో శతాబ్దం. ఇతని తర్వాత 200 ఏళ్లు.

వలపలగిలక
వేరని తెలుసండీ. అయినా ముడి ఉంది. కవి తండ్రి హుజ్ర్ ఏలింది అసద్ తెగను, ఆయన్ను చంపిందీ వాళ్లే. నమారా రెండో పంక్తిలో లొంగదీసిన అసద్ అదే తెగ. కవి కూడా రోము చక్రవర్తి సాయం కోరి కాన్‌స్టాంటినోపుల్ వెళ్లాడనీ, విషం పూసిన అంగీ కానుకగా పంపితే ఒళ్లంతా పుండ్లు పడి అంకారాలో పోయాడనీ కథ. ‘దారి తప్పిన రాజు’ అన్నారు అరబ్బులు. తండ్రి చావు కబురు విని ‘ఇవాళ మద్యం, రేపు కార్యం’ అన్నాడట. ఇద్దరి చావులోనూ రోము ఉంది.

ఇక గణాలు. ఆ పాదం తవీల్ ఛందం. ఫఊలున్ మఫాఈలున్ ఫఊలున్ మఫాఇలున్. మన గణాలకు విరిస్తే య య ర ర, చివర లగం. 14 అక్షరాలు, శక్వరి ఛందంలో పడుతుంది. మి కర్ రిన్ / మి ఫర్ రిన్ / ముక్ బి లిన్ / ముద్ బి రిన్ / మ అన్. గురులఘువులు వేసి చూసుకోండి.

పర్యాయపదం
వేశాను, సరిపోయింది. కానీ తవీల్ కన్నా ముతకారిబ్ మనకు దగ్గర. ఫఊలున్ నాలుగుసార్లు, నాలుగు యగణాలు. అచ్చంగా భుజంగప్రయాతం.

వలపలగిలక
అచ్చంగా కాదు. ముతకారిబ్‌లో ఫఊలున్ చోట ఫఊలు వేసుకోవచ్చు, అంటే యగణం చోట జగణం. భుజంగప్రయాతంలో జగణం పడితే పద్యమే కాదు. అరబ్బీ ఛందస్సు వృత్తంలా కనిపిస్తుంది గానీ లోపల కొంత వదులు ఉంచుకుంటుంది. పైగా వాళ్లకు ప్రాస పద్యం చివర. పద్యాలు ఎన్ని ఉన్నా మొత్తానికి ఒకటే. ఆ కసీదా (దీర్ఘ పద్యం) అంతా ‘లి’తో ముగుస్తుంది.

క్రావడి
యతి?

వలపలగిలక
వాళ్లకు యతి లేదు. భుజంగప్రయాతంలోలా ఎనిమిదో అక్షరం మీద వెతికితే ‘మి’కి ‘బి’ తగులుతోంది. ‘బి’ ముందు నిండుసున్న ఉంటే బిందుయతిగా చెల్లేది. ఇక్కడున్నది కకారపు పొల్లు.

క్రావడి
ఎడారి కవికి యతిభంగం అంటగట్టారు. సంతోషం.

శకటరేఫం
నా రెండో ముక్క మర్చిపోయారు. ‘ఏ రాజూ అతని మేర అందుకోలేదు.’ మూలంలో ఏముంది?

అరసున్న
‘ఫలమ్ యబ్లుగ్ మలికున్ మబ్లగహు.’ క్రియ, నామం ఒకే ధాతువు: బలగ, చేరు. అతను చేరిన చోటికి ఏ రాజూ చేరలేదు. ఇక్కడ పాఠం మీద పెద్దగా తగువు లేదు. ‘గ’కు అయిన్ వేశాడు కాబట్టి రాత ప్రకారం ‘యబ్లఅ, మబ్లఅ’ అని ఉంటుంది.

క్రావడి
బలఅ అంటే అరబ్బీలో మింగు. ‘ఏ రాజూ అతను మింగినంత మింగలేదు.’ ఇది కూడా చరిత్రకు విరుద్ధమేమీ కాదు.

దస్తావేజు
మబ్లగ్‌ను మనం రోజూ రాస్తాం. ప్రోనోటులో ‘మొబలగు రూ. 5,000’ అన్నప్పటి మొబలగు ఇదే. చేరిన మేర, అక్కణ్ణుంచి చేరిన మొత్తం, చివరికి పైకం. 328లో రాజు ఘనత, మన దస్తావేజులో అసలు సొమ్ము. వక్కల నుంచి వకీలు, వకాల్తా. నాలుగో పంక్తిని ‘తెగల మీద వాళ్లకు వకాల్తా ఇచ్చాడు’ అంటే హైదరాబాదులో ఎవరికైనా అర్థమవుతుంది. అయిదో పంక్తిలో ‘హలక్ సనత్’: హలాక్ అయ్యాడు, సన్ ఇంత. నిజాం కాలపు కాగితాల్లో ‘సన్ 1323 ఫసలీ’ అన్నప్పటి సన్.

శకటరేఫం
328 ఎలా వచ్చింది? రాతి మీద 223 అని ఎక్కడో చూశాను. రోమన్లు అరేబియా రాష్ట్రం కలుపుకున్నది 106లో. కలిపితే 329 కదా.

అరసున్న
ఆ రాష్ట్రపు లెక్క బొస్రా శకం. దాని మొదటి ఏడు 106 మార్చి 22న మొదలు. మొదటి ఏడే 106 కనుక కలపాల్సింది 105. జనవరి మొదలు మార్చి మూడో వారం దాకా వచ్చే తేదీలకు మాత్రం 106 కలపాలి. రాతి మీది తేదీ కస్లూల్ నెల 7, అంటే డిసెంబరు. అందుకే 328 డిసెంబరు 7. వాయవ్య అరేబియాలోని హెగ్రాలో రకూష్ అనే స్త్రీ సమాధి మీది 162 కూడా ఇలాగే 267 అవుతుంది. 106 కలిపి రాసిన వ్యాసాలు చూస్తుంటాను. సాధారణంగా వాటిలో మిగతా సంఖ్యలు కూడా సరిచూసుకోవాల్సి వస్తుంది.

దస్తావేజు
ఫసలీలోనూ ఇదే తంటా. జులై నుంచి డిసెంబరు దాకా 590 కలపాలి, జనవరి నుంచి జూన్ దాకా 591. పాత పహాణీ నుంచి ఏడాది దించేటప్పుడు సగం తప్పులు ఇక్కడే.

పర్యాయపదం
రకూష్ పేరెత్తారు కాబట్టి: నమారాను ‘తొలి అరబ్బీ శాసనం’ అనడం మానాలి. రకూష్ సమాధి రాతలో అరబ్బీ, అరమాయిక్ కలగలిసి ఉన్నా అది 60 ఏళ్లు ముందుది. నెగెవ్‌లో ఐన్ అవ్దాత్ రాతి మీది అరబ్బీ పంక్తులు ఇంకా పాతవి. అమరావతిలో ‘నాగబు’ ఒక్క మాట దొరికితే తెలుగు అంటామా, కలమళ్లలో 575 నాటి ‘రేనాణ్డు ఏళన్’ దాకా ఆగుతామా అన్న తగువే ఇది.

క్రావడి
నాగబు ఇక్కడ దించకండి, 300 వ్యాఖ్యలు దాటుతుంది.

వలపలగిలక
చివరి మాట ఎవరూ చెప్పలేదు. ‘బల్ సఅద్ ధూ వలదహు.’ ఈ ‘ధూ’ ముద్దొస్తుంది. సంబంధార్థకం, ‘అల్లధీ’ చోట వాడింది. తయ్యి తెగ మాండలికంలో ఉందని వ్యాకర్తలు చెప్పేది ఇదే. అర్థం ‘ఇతన్ని కన్నవారికి శుభం’ అని కొందరు, ‘ఇతను కన్నవారికి శుభం’ అని కొందరు. బెల్లమీ వలద్ కూడా ఒప్పుకోడు, ‘ఇతని స్నేహితుల భాగ్యం’ అంటాడు.

దస్తావేజు
వలద్ సందేహమే లేదు. పాత రికార్డుల్లో ‘ఫలానా వల్ద్ ఫలానా’ అంటే ఫలానావాడి కొడుకు. కనుక బిడ్డలకే శుభం.

క్రావడి
తెలుగులో ‘కన్నవారికి శుభం’ అని వదిలేయండి. రెండూ పడతాయి.

పర్యాయపదం
పడవు. కన్నవారంటే తల్లిదండ్రులే. బిడ్డలైతే కన్నబిడ్డలు. ‘కన్నవారిల్లు’ అంటే బిడ్డల ఇల్లని ఎవరైనా అంటారా?

అరసున్న
వలద్ మీద వేరే చర్చ పెట్టండి. ఇక్కడ ‘వల్ద్’ నామం కాదు, క్రియ కావచ్చు. అది తేలాలంటే ముందు ‘ధూ’ ఏకవచనమో బహువచనమో తేలాలి. ‘ధూ అసర’లోని ధూతో పోల్చి చూడాలి.

క్రావడి
‘ధూ అసర’ ఉందని ఎవరు ఒప్పుకున్నారు? నా లెక్కలో అది ఇంకా ‘ధూ అసద్’.